గుచ్చని సూది

పోయిన వారం మనం ఆడవాళ్ళ వార్డులో, మూడో మంచం పక్కన ఊపిరి బిగబట్టి నిలబడిపోయాం. ఆ మంచం మీది టీచరమ్మకు గుండె బలహీనం. ఆయాసం తగ్గింది, రేపో మాపో ఇంటికి పంపేస్తారు అనుకుంటుండగా పొద్దున తీసిన రక్తం రిపోర్టు వచ్చింది. నిన్న పదకొండున్న హిమోగ్లోబిన్ ఇవాళ ఆరుకి పడిపోయింది. లోపలెక్కడో రక్తం కారిపోతోందని చిన్న డాక్టరు హడలిపోయి, వెంటనే ఒక ప్యాకెట్ రక్తం ఎక్కించమన్నాడు. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళిన గ్లౌజులమ్మతో టీచరమ్మ, పాపం, మెచ్చుకోలుగానే ఒక మాట అంది.

“పొద్దున రక్తం తీసిన మీ పెద్ద సిస్టరు చల్లగా ఉండాలమ్మా. నాకసలు గుచ్చనే లేదు.”

గుచ్చకుండా రక్తం తీయడానికి ఒకటే దారి ఉంది. సెలైన్ ఎక్కడానికి మణికట్టు దగ్గర ఒక చిన్న గొట్టం అంటించి పెడతారు చూడండి, ఆ సెలైన్ ఊడదీసి, ఆ గొట్టంలోంచే సిరంజితో లాగెయ్యడం. రోగికి హాయి, సిస్టరుకి తేలిక. కాకపోతే అందులో వచ్చేది సగం రక్తం, సగం సెలైన్. నీళ్ళు కలిసిన పాలు పట్టుకెళ్ళి చిక్కదనం చూడమంటే ఏం తేలుతుంది? టీచరమ్మ ఒంట్లో రక్తం ఎక్కడికీ పోలేదు. పల్చబడింది సీసాలోనే.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు గ్లౌజులమ్మ సంగతి చెప్పాలి. తప్పుడు రిపోర్టులు ఎక్కువవుతున్నాయని పైవాళ్ళు మొత్తుకుంటే, ఆసుపత్రిలో సిస్టర్లందరి చేతా సరైన పద్ధతిలో రక్తం తీయించే పని ఈమె నెత్తిన పడింది. గ్లౌజులు వేసుకోండి, సెలైన్ ఎక్కుతున్న చేతి జోలికి పోకండి అని రెండు నెలలుగా వార్డు వార్డూ తిరిగి చెబుతోంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ ఇక్కడ వినేవాళ్ళకే చెప్పేది లోకువైపోయింది. ఆమె వరండా మలుపు తిరిగితే చాలు, “అదిగో గ్లౌజులమ్మ, చేతులు దాచుకోండర్రా” అని లోపల ఒకటే నవ్వులు.

ఇక ఆ పెద్ద సిస్టరు ఎవరనుకున్నారు? దూదిచెయ్యి. సూది దిగినట్టే తెలియదని రోగులు పెట్టుకున్న పేరది. పక్క వార్డుల్లో ఎవరికైనా నరం దొరక్కపోతే ఆవిడ కోసం కబురొచ్చేది. చిన్నపిల్లలు కూడా ఏడవకుండా ఆవిడకి చెయ్యి చాపేవాళ్ళు. ఆ దూదిచెయ్యి గ్లౌజులమ్మకు స్వయానా ఆడపడుచు, భర్తకు అక్క. తల్లి పోయిన తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది, తమ్ముడి భార్యను వెంటబెట్టుకొచ్చి ఈ ఆసుపత్రిలో చేర్పించింది. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. పొద్దున ఒకే బండి మీద డ్యూటీకి వస్తారు ఈ వదినా మరదళ్ళు.

అలాంటి వదినను నిలదీయాలి. అదీ ఇప్పుడే. రక్తం ప్యాకెట్ తేవడానికి వార్డు ఆయా కిందికి వెళ్ళిపోయింది. అది వచ్చి స్టాండుకు వేలాడిందంటే, అక్కర్లేని రక్తం టీచరమ్మ ఒంట్లోకి ఎక్కుతుంది. ఉన్న రక్తాన్నే తోయలేక ఆయాసపడుతున్న గుండె అది. ఆ అదనపు బరువుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే, మనిషి మంచం మీదే మునిగిపోయినట్టవుతుంది.

గ్లౌజులమ్మ తొందరపడి నోరు జారే రకం కాదు. ముందు టీచరమ్మ దుప్పటి సర్దుతున్నట్టు వంగి, సెలైన్ లేని ఎడమ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. కమిలిన పాత మచ్చలే గానీ మోచేతి మడతలో కొత్త చుక్క ఒక్కటీ లేదు. దూది అంటించిన జిగురు గుర్తు కూడా లేదు. చెయ్యి మళ్ళీ దుప్పటి కింద పెట్టి, సిస్టర్లు కూర్చునే బల్ల దగ్గరికి నడిచింది. కాళ్ళు ముందుకి పోతున్నాయి గానీ మనసు వెనక్కి లాగుతోంది.

దూదిచెయ్యి బల్ల దగ్గర ఎవరి మాటకో నవ్వుతూ మందుల ట్రే సర్దుతోంది.

“వదినా, ఒకసారి సామాన్ల గదిలోకి రండి.”

“ఏం, గ్లౌజులు తక్కువయ్యాయా? నేను తినలేదమ్మా, ఒట్టు.”

బల్ల చుట్టూ ఉన్న సిస్టర్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. గ్లౌజులమ్మ నవ్వలేదు. మరదలి మొహం చూసి దూదిచెయ్యి ట్రే పక్కన పెట్టి లేచింది.

సామాన్ల గది అంటే పేరుకే గది. మూడు వైపులా అరలు, వాటి నిండా సెలైన్ పెట్టెలు, దుప్పట్లు, దూది చుట్టలు. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. తలుపు మూయగానే స్పిరిట్ వాసన ముక్కుకి ఘాటుగా తగిలింది.

“మూడో మంచానికి పొద్దున రక్తం ఎక్కడి నుంచి తీశారు?”

“ఎక్కడి నుంచి తీస్తారు? ఒంట్లోంచి.”

“వదినా, హాస్యాలు తర్వాత. ఏ చేతి నుంచి?”

“ఎడమ చేతి నుంచి. కుడి చేతికి సెలైన్ ఉంది కదా. నువ్వు చెప్పిన పాఠం బాగానే ఒంటబట్టింది లే.”

“ఎడమ చెయ్యి చూసొచ్చాను. ఎక్కడా కొత్తగా గుచ్చిన గుర్తు లేదు.”

దూదిచెయ్యి అటు తిరిగింది. అరలో జారిపోతున్న దుప్పటి ఒకటి లోపలికి నెట్టింది. మళ్ళీ జారకపోయినా మళ్ళీ నెట్టింది.

“గొట్టంలోంచే తీశారు కదూ?”

“తీస్తే?” అంది గొంతు పెంచకుండానే. “ఆవిడ చేతులు చూశావా అసలు? వచ్చిన రోజు నుంచీ పొడిచి పొడిచి కమిలిపోయి ఉన్నాయి. పొద్దున నన్ను చూసి, మళ్ళీ గుచ్చుతావా తల్లీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు చేతులు రాలేదు. నీ పుస్తకంలో జాలి పడకూడదని రాసుంటే చెప్పు, రేపటి నుంచి అదీ మానేస్తాను.”

ఇదీ వరస. గ్లౌజులమ్మకు ఒక్క క్షణం తన మీద తనకే రోత పుట్టింది. ఎవరి బాధ తగ్గిద్దామని ఈ పద్ధతులన్నీ నూరిపోస్తోందో, వాళ్ళ బాధ తన కళ్ళకే కనపడటం లేదా అనిపించింది. వదిన చేతిలో ఏనాడూ ఒక్క రోగి అమ్మా అన్న పాపాన పోలేదు. తన చేతిలో మాత్రం అనని రోజు లేదు. అయినా రక్తం ప్యాకెట్ కిందినుంచి బయల్దేరే ఉంటుందన్న సంగతి గుర్తొచ్చి తేరుకుంది.

“మీ జాలి వల్ల ఆవిడ రిపోర్టులో ఆరు వచ్చింది. డాక్టరు రక్తం ఎక్కించమన్నాడు. ఆవిడ గుండె సంగతి మీకు నేను చెప్పాలా?”

దూదిచెయ్యి మొహంలో రంగు మారింది. రక్తం ఎక్కించే మాట ఆవిడ చెవిన పడలేదన్నది నిజం. కానీ సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“అయితే ఇంకోసారి తీసి పంపు. ఎవరొద్దన్నారు? ప్యాకెట్ రాగానే ఆవిడకి కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది, జ్వరం తగ్గాక ఎక్కిద్దామను. ఈలోగా కొత్త రిపోర్టు వస్తుంది. పాము చావదు, కర్రా విరగదు.”

“మిమ్మల్ని డాక్టరు పొద్దున ఫోన్లో అడిగాడట కదా, గుచ్చే తీశారా అని.”

“అడిగాడు.”

“గుచ్చే తీశానన్నారు.”

“అన్నాను. మరేమనమంటావు? నీ పేరు పోతుందని కూడా చూశానమ్మాయ్. ఊరందరికీ నీతులు చెప్పే గ్లౌజులమ్మ ఇంట్లోనే ఇలాంటిది జరిగిందంటే రేపు నీ మాట ఎవరు వింటారు? ఇంటి సంగతి వీధిలో పెట్టకు. మా తమ్ముడి మొహం చూసైనా ఊరుకో.”

వదిన తన పేరు చాటున దాక్కుంటోందని గ్లౌజులమ్మకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ తమ్ముడు తన భర్త. సాయంత్రం ఇంటికెళ్ళి ఆ మనిషికి ఏం చెప్పాలి? నీ అక్క తప్పుచేస్తే పదిమందిలో నేనే పట్టిచ్చానని చెప్పాలా? అత్తలేని లోటు తెలియనివ్వని మనిషిని, తన పిల్లకు నీళ్ళు పోసి జడలేసే మనిషిని?

“సరే,” అంది చివరికి. “ఒక పని చేద్దాం. మీరే వచ్చి మళ్ళీ తీయండి. ఎడమ చేతికి గుచ్చి తీయండి. నేను పక్కనుంటాను. ఆ రిపోర్టు పట్టుకుని నేనూ మీరూ కలిసే డాక్టరు దగ్గరికి వెళ్దాం. తొందరలో గొట్టంలోంచి తీశాను, తప్పయిందని మీ నోటితో మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను. ఎవరేమన్నా నేను పడతాను.”

“గ్లౌజులు వేసుకునా?”

“వేసుకునే.”

“అవి వేసుకుంటే నాకు నరం తెలియదు. నీకీ సంగతి వందసార్లు చెప్పాను.”

“అయితే వద్దు. ఒట్టి చేత్తోనే తీయండి.”

ఈ మాట గ్లౌజులమ్మ నోటివెంట వచ్చిందంటే వార్డులో ఎవరూ నమ్మరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, రెండు నెలల తన పోరాటాన్ని వదిన ముందు ఒక్క మాటతో వదిలేసుకుంది. దూదిచెయ్యి ఇక ఎగిరి గంతెయ్యాలి. చూశావా, చివరికి దారికొచ్చావు అని ఎత్తిపొడవాలి. ట్రే పట్టుకుని గబగబా నడవాలి.

ఆవిడ కదల్లేదు.

“రండి వదినా. టైము లేదు.”

“నువ్వే తియ్యి,” అంది దూదిచెయ్యి నేల చూస్తూ.

“గ్లౌజులు వద్దన్నాను కదా. మీకేం కష్టం?”

“నువ్వే తియ్యవే. నా వల్ల కాదు.”

నా వల్ల కాదు అన్న మాట వదిన నోట గ్లౌజులమ్మ ఇంతవరకు వినలేదు. ఏ పనికీ వినలేదు. ఏమిటని అడగబోయేంతలో తలుపు మీద చప్పుడైంది. “సిస్టర్, రక్తం వచ్చేసింది. డాక్టరుగారు మిమ్మల్ని రమ్మంటున్నారు,” అని బయట నుంచి ఆయా గొంతు. గ్లౌజులమ్మ వదినను అలాగే వదిలేసి పరుగెత్తింది.

మూడో మంచం దగ్గర చిన్న డాక్టరు ప్యాకెట్ మీది చీటీ చదువుతున్నాడు. ఆయన మంచివాడే, కానీ చెప్పిన మాటకు ఎవరైనా అడ్డొస్తే చెవులు ఎర్రబడతాయి. పక్కన ఇద్దరు సిస్టర్లు గొట్టాలు సిద్ధం చేస్తున్నారు. టీచరమ్మ ఏమీ తెలియక వాళ్ళకేసి ముచ్చటగా చూస్తోంది.

“ఎక్కించకండి డాక్టరుగారూ,” అంది గ్లౌజులమ్మ.

“ఏం, జ్వరమా?”

జ్వరం. వదిన చెప్పిన మాట ఆయనే నోటికి అందించాడు. ఊఁ అంటే చాలు. టీచరమ్మ బతుకుతుంది, వదిన పరువు నిలుస్తుంది, సాయంత్రం ఇంట్లో ఎవరూ ఎవరి మొహం నుంచీ కళ్ళు తిప్పుకోనక్కర్లేదు. కానీ ఊఁ అన్నాక రేపు ఏ సిస్టరుకైనా నిజం చెప్పమని చెప్పే నోరు తనకుండదు. తప్పు జరిగితే దాచకండి, దాస్తే ఆ తప్పు ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది, చెప్పినవాళ్ళ మీద ఈగ వాలనివ్వను అని వార్డు వార్డుకీ మాటిచ్చి తిరిగింది ఈవిడే. ఆ గొట్టాలు పట్టుకున్న ఇద్దరూ అప్పుడు విన్నవాళ్ళే.

“జ్వరం కాదండీ. పొద్దున తీసిన రక్తం సరైంది కాదు. సెలైన్ గొట్టంలోంచి తీశారు.”

“నేను ఫోన్ చేసి మరీ అడిగాను సిస్టర్. గుచ్చే తీశానన్నారు పెద్ద సిస్టరు. ఆవిడ అబద్ధం చెప్పారంటారా?”

గ్లౌజులమ్మ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. తలెత్తితే వార్డు గుమ్మంలో వదిన నిలబడి ఉంది. తన వెనకే వచ్చినట్టుంది. కళ్ళు కలిశాయి. చెప్పకు అని అడుగుతున్నాయో, చెప్పెయ్ అంటున్నాయో ఆ దూరం నుంచి తెలియలేదు.

“అవునండీ,” అంది గ్లౌజులమ్మ. “గుచ్చలేదు. రెండో చేతికి ఎక్కడా కొత్త గుర్తు లేదు, మీరే చూడండి. నేను మళ్ళీ తీసి పంపుతాను. ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగండి. రాకముందు ఆవిడకి ఏమైనా అయితే ఆ పూచీ నాది.”

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. టీచరమ్మ ఎడమ చెయ్యి పట్టుకుని కిటికీ వెలుతురులో చాలాసేపు చూశాడు. కళ్ళ రెప్పలు కిందికి లాగి ఎరుపు చూశాడు, నాడి చూశాడు. ఆ పని ప్యాకెట్ తెప్పించక ముందే చేసి ఉండాల్సిందని ఆయనకూ తట్టినట్టుంది, మారు మాట్లాడకుండా ప్యాకెట్ ట్రేలో పెట్టేశాడు. “తీయండి,” అన్నాడు.

గ్లౌజులమ్మ గ్లౌజులు తొడుక్కుని టీచరమ్మ పక్కన కూర్చుంది. రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో వేలితో నొక్కి నొక్కి వెతికింది. నరం లోతుగా ఉంది, పక్కకి జారిపోతోంది. అందరి కళ్ళూ తన వేళ్ళ మీదే ఉన్నాయని తెలుస్తోంది. సూది దింపింది. టీచరమ్మ “అబ్బా” అని, “నీ చెయ్యి కాస్త మొరటే అమ్మా, ఏమనుకోకు,” అంది. గాజు గొట్టంలోకి చిక్కటి రక్తం వచ్చింది. చిక్కగా ఉందో లేదో కంటికి తెలిసిపోతుందని అనుకోకూడదు గానీ, ఆ రంగు చూడగానే గ్లౌజులమ్మ గుండె కుదుటపడింది.

ల్యాబు నుంచి ఫోన్ వచ్చేదాకా గ్లౌజులమ్మ మంచం దగ్గరే నిలబడి, టీచరమ్మ ఊపిరి లెక్కపెడుతూ ఉండిపోయింది. ఫోన్ మోగింది. చిన్న డాక్టరే ఎత్తాడు.

“పదకొండు,” అన్నాడు ఫోన్ పెట్టేస్తూ. ప్యాకెట్ వెనక్కి పంపించమని ఆయాకు చెప్పాడు. పోతూ పోతూ గ్లౌజులమ్మ దగ్గర ఆగి, “పెద్ద సిస్టరుని మధ్యాహ్నం నా గదికి రమ్మనండి. మీరూ రండి,” అన్నాడు.

ఒక ప్రాణం నిలబడితే నలుగురూ మెచ్చుకుంటారని మీరూ నేనూ అనుకుంటాం. బల్ల దగ్గర ఒకావిడ ఇంకొకావిడతో అంటున్న మాట గ్లౌజులమ్మ చెవిన పడనే పడింది. “సొంత ఆడపడుచునే పట్టిచ్చింది. ఇక మనమెంత.” ఆ మాట వినీ విననట్టు నడిచి వెళ్ళిపోయింది గానీ, కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు. గుమ్మంలో వదిన లేదు.

సామాన్ల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దూదిచెయ్యి సెలైన్ పెట్టె మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. తిడుతుందనుకుంది గ్లౌజులమ్మ. తిట్టినా బాగుండేది.

“ఎంత వచ్చింది?” అని అడిగింది వదిన.

“పదకొండు.”

“పోన్లే. బతికించావు,” అని చీర కొంగుతో మొహం తుడుచుకుంది. “మంచిపని చేశావమ్మాయ్. నీ స్థానంలో నేనుంటే జ్వరమనే చెప్పేదాన్ని.”

గ్లౌజులమ్మ తలుపు గడియ పెట్టి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “జాలి పడి తీశానన్నారు. ఒప్పుకుంటాను. కానీ ఇందాక ఒట్టి చేత్తో తీయమంటే ఎందుకు తీయలేదు?”

దూదిచెయ్యి నవ్వబోయింది. నవ్వు కుదరలేదు.

“జాలీ నిజమే. జాలి ఎప్పుడూ ఉంది నాకు. అయినా అప్పట్లో జాలిపడితే ఇంకా మెత్తగా గుచ్చేదాన్ని, గుచ్చడం మానేసేదాన్ని కాదు.” చెయ్యి పైకెత్తి ఎవరిదో వస్తువు చూసినట్టు చూసుకుంది. “వేళ్ళకి ఏమీ తెలియడం లేదే. మొదట్లో తిమ్మిరి అనుకున్నాను. విదిలిస్తే పోయేది. ఇప్పుడు పోవడం లేదు. నరం మీద వేలు పెడితే కింద ఉన్నది నరమో, ఎముకో, మంచం పట్టో తెలియదు. గొట్టం ఉన్నవాళ్ళకి గొట్టంలోంచి తీస్తున్నాను. లేనివాళ్ళకి గుడ్డిగా గుచ్చుతున్నాను. తగిలితే తగిలింది.”

“ఎవరికీ చెప్పలేదా?”

“ఏమని చెప్పను? దూదిచెయ్యికి చెయ్యే లేదని చెప్పనా? ఈ పని తప్ప నాకేం వచ్చు?”

గ్లౌజులమ్మ ఆ చెయ్యి అందుకుంది. రెండు నెలలుగా ఈ చేతులకు గ్లౌజులున్నాయా లేవా అని చూసింది. చేతులకేమైందో చూడలేదు. పక్కపక్కనే కూర్చుని అన్నం తింటూ కూడా చూడలేదు.

“కళ్ళు మూసుకోండి వదినా,” అంది. “నేను ఒక్కో వేలూ పట్టుకుంటాను. ఏ వేలో చెప్పండి.”

దూదిచెయ్యి కళ్ళు మూసుకుంది. గ్లౌజులమ్మ ఆమె చూపుడు వేలి కొన తన రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, మెల్లగా నొక్కింది. ఇంకాస్త గట్టిగా నొక్కింది.

“ఊఁ, పట్టుకో మరి,” అంది వదిన, కళ్ళు మూసుకునే.

గ్లౌజులమ్మ పెదవి కొరుక్కుని ఏడుపు దిగమింగింది. చెప్పలేదు. చెప్పకుండానే ఆ వేలు వెలుతురుకేసి తిప్పింది. అప్పుడు కనపడింది. వేలి కొన మీద, గోరుకి కాస్త కింద, ఎర్రటి చుక్క. చుట్టూ చర్మం కొద్దిగా ఉబ్బి ఉంది. అది కూరగాయలు కోస్తే పడే గాటు కాదు, మేకు గీసుకుంటే పడే గీత కాదు. అలాంటి చుక్కలు పొద్దస్తమానం రోగుల చేతుల మీద చూసే మనిషికి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

“ఇదేంటి వదినా?”

దూదిచెయ్యి కళ్ళు తెరిచి, చప్పున చెయ్యి లాక్కుంది.

“ఏం లేదు. సూదికి మూత పెడుతుంటే తగిలింది.”

“వాడిన సూదికా? మూత పెట్టకుండా అలాగే డబ్బాలో పడేయాలని మీకు తెలియదా?”

“తెలుసు. చెయ్యి అలవాటు కొద్దీ పెట్టేసింది. తగిలినట్టు కూడా తెలియలేదు. సబ్బు రాసుకుంటుంటే నురగ ఎర్రగా కనపడింది, అప్పుడు చూసుకున్నాను.”

“ఎప్పుడు?”

“ఇవాళ పొద్దున.”

“ఎవరికి వాడిన సూది?”

వదిన ఆ చెయ్యి కొంగు కింద దాచుకుంది. పొద్దున ఆవిడ రక్తం తీసిన మంచాలన్నీ గ్లౌజులమ్మ మనసులో వరసగా తిరిగాయి. గొట్టాలున్నవాళ్ళని తీసేస్తే మిగిలేది ముగ్గురే. అందులో ఒకావిడ కడుపునొప్పితో వచ్చింది, ఇంకొకావిడ కాలు పుండుతో వచ్చింది. మూడో ఆమె ఆరో మంచం. ఆరో మంచం మనిషికి రక్తంతో అంటుకునే జబ్బుందని వార్డులో సిస్టర్లందరికీ తెలుసు. ఆ మంచం దగ్గరికి వెళ్ళేటప్పుడు, గ్లౌజులమ్మను చూసి నవ్వే సిస్టర్లు కూడా నవ్వకుండా గ్లౌజులు వేసుకుంటారు.

“ఆరో మంచమా?”

“నరం దొరకలేదు,” అంది దూదిచెయ్యి. “ఆమెకి మూడుసార్లు గుచ్చాల్సి వచ్చింది. మూడో సూదో, రెండో సూదో, ఏది తగిలిందో నాకు తెలియదు.”

గ్లౌజులమ్మ చివాలున లేచింది. ఇక ఏడవడానికి వేళ లేదు. “లేవండి. జబ్బు అంటకుండా వేసే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. గంటలు లెక్క. పొద్దుటి నుంచి ఇప్పటికే చాలా పోగొట్టుకున్నాం. ముందు మీ రక్తం తీసి పంపాలి, చెయ్యి చాపండి. డాక్టరుతో నేను చెబుతాను, ఇంట్లో కూడా నేనే చెబుతాను. లేవండి వదినా.”

అరలోంచి కొత్త సిరంజి తీసింది, రబ్బరు పట్టీ తీసింది, గ్లౌజులు తొడుక్కుంది. వెనక్కి తిరిగేసరికి దూదిచెయ్యి రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

“మందు వేసుకుంటాను,” అంది. “ఎన్నాళ్ళు వేసుకోమంటే అన్నాళ్ళు వేసుకుంటాను. రక్తం మాత్రం తీయనివ్వను.”

“అదేం మాట? పరీక్ష లేకుండా మందు ఎవరిస్తారు? భయపడకండి. ఇవాళ తీసే రక్తంలో ఇవాళ్టి పోటు సంగతి తేలదు, దానికి వారాలు పడుతుంది. ఇంతకు ముందు మీ ఒంట్లో ఏమీ లేదని రాసి పెట్టుకోవడానికే ఈ పరీక్ష.”

“తెలుసు. అందుకే వద్దంటున్నాను.”

గ్లౌజులమ్మ చేతిలో రబ్బరు పట్టీ అలాగే ఉండిపోయింది. బయట వరండాలో ఎవరో నడిచి వెళ్తున్నారు. వదిన ఆ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది.

“సూది తగలడం ఇది మొదటిసారని నీకెవరు చెప్పారే?”